ప్రింట్‌ఎఫ్ ఎక్కడ పుడుతుంది? మన పిల్లలతో కేలిబ్‌సి చదివించాలని ఎందుకంటున్నాను

కొన్నేళ్ల కింద, ఎండాకాలం సెలవులయ్యాక ల్యాబ్ తాళం తీసిన మొదటి రోజు. హన్మకొండ పొలిమేరల్లో నేను అప్పుడు పాఠాలు చెప్తున్న కాలేజీ. సెలవులకు ముందే యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయాయి. పరీక్షల రోజుల్లో కరెంటు పోయినప్పుడల్లా సిస్టమ్‌లు ఉన్నవి ఉన్నట్టే ఆరిపోయేవి. ఆ దెబ్బ అప్పుడు కనబడలేదు. జూన్‌లో స్విచ్‌లు వేస్తే ఒక వరుసకు వరుస నల్ల తెర మీద ఆగిపోయింది. ఫైల్ సిస్టమ్ చెడింది, ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ప్రోగ్రాము) చేత్తో నడపండి అని ఒక లైను, బిజీబాక్స్ అని ఇంకో లైను, అడుగున బ్రాకెట్ల మధ్య ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అన్న మాట, దాని పక్కన మెరుస్తున్న కర్సర్.

"లైనక్స్ పోయింది సార్, మళ్ల ఇన్‌స్టాల్ చెయ్యాలె" అని ల్యాబ్ అసిస్టెంట్ పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. నేను ఆగమని చెప్పి, ఆ కర్సర్ దగ్గరే ఎఫ్ఎస్‌సీకే నడిపాను. ప్రతి ప్రశ్నకూ అవునని చెప్పాను, అయ్యాక ఎగ్జిట్ కొట్టాను. డెస్క్‌టాప్ వచ్చింది. రెండో సిస్టమ్ దగ్గరికి పోతుంటే, భూపాలపల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది: "సార్, లైనక్స్ పోయిందన్నరు గదా. డిస్కు తెరుచుకోనే లేదు. మరి మీరు ఇప్పుడు టైప్ చేసింది దేంట్ల?"

ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెప్పినన్నాళ్లలో నన్ను ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబే, కాస్త పొడుగ్గా.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది కెర్నల్. లైనక్స్ కెర్నల్ మొదలయ్యేటప్పుడు దానికొక చిక్కు ఉంది. అసలు సిస్టమంతా డిస్కు మీద ఉంది. డిస్కును చదవాలంటే దాని డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ మాడ్యూల్‌గా అదే డిస్కు మీద ఉంది. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్న సామెతను ఇంత కచ్చితంగా రుజువు చేసే చోటు నాకు ఇంకోటి తెలియదు. డ్రైవర్లన్నీ కెర్నల్‌లోనే కుక్కేస్తే సరిపోదా అంటే, అందరి మిషన్లకూ ఒకటే కెర్నల్ ఇచ్చే డెబియన్, ఉబుంటు లాంటి వాళ్లకు అది కుదరదు. పైగా కొన్ని పనులకు డ్రైవర్ ఒక్కటే చాలదు. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ఎవరో పాస్‌వర్డ్ అడగాలి. రూట్ ఫైల్ సిస్టమ్, అంటే అసలు సిస్టమంతా ఉండే చోటు, నెట్‌వర్క్ అవతల ఉంటే ముందు ఐపీ అడ్రస్ తెచ్చుకోవాలి. అవి మామూలు ప్రోగ్రాములు చేసే పనులు, కెర్నల్ లోపల చేయాల్సినవి కావు.

అందుకని 2002లో, 2.5 కెర్నల్ రోజుల్లో, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ వచ్చింది. కంప్యూటర్ లేవగానే కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చే బూట్‌లోడర్, దానితో పాటు ఒక సీపీఐఓ మూటను (ఎన్నో ఫైళ్లను ఒకే ఫైలుగా కట్టింది) కూడా తెచ్చి పెడుతుంది. కెర్నల్ ఆ మూట విప్పి, మెమరీలోనే ఒక చిన్న ఫైల్ సిస్టమ్‌గా పరిచి, అందులో ఇనిట్ అనే ప్రోగ్రామును ఒకటో నంబరు ప్రాసెస్‌గా నడుపుతుంది. డ్రైవర్లు ఎక్కించడం, అసలు డిస్కును వెతికి తెరవడం, పగ్గాలు అప్పగించి తప్పుకోవడం ఆ ప్రోగ్రాము పని. మేము ఆ రోజు నిలబడ్డది ఆ మెమరీ ఇంట్లో. అసలు ఇంటి తలుపు ఇంకా తెరుచుకోలేదు.

మా బాపు సెంట్రింగ్ మేస్త్రి. పరకాల వైపు, హన్మకొండ కిషన్‌పుర వైపు ఆయన చేతి మీద చాలా శ్లాబులు పడ్డాయి. ఇల్లంటే గోడలు, తలుపులు, రంగులు అనుకుంటాం. శ్లాబ్ పోసే రోజు ఆ కాంక్రీటు బరువంతా మోసేది కర్రలు, ఇనుప షీట్లు. కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని విప్పి ఇంకో ఇంటికి తీసుకుపోతారు. గృహప్రవేశం నాటికి వాటి ఆనవాలు కూడా ఉండదు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే. ఇది కంప్యూటర్‌కు కొట్టే సెంట్రింగ్.

ఆ తాత్కాలిక ఇంట్లో నడిచే ప్రోగ్రాములు కూడా సీ భాషలో రాసినవే. సీ ప్రోగ్రాముకు కింద ఒక లైబ్రరీ కావాలి. మామూలు లైనక్స్‌లో ఆ పని చేసే జీలిబ్‌సి ప్రధాన ఫైలు ఒక్కటే సుమారు 2 మెగాబైట్లు. బూట్ ఫ్లాపీ సైజే 1.44 మెగాబైట్లుండే కాలం నుంచి వచ్చినవాళ్లకు అది పెద్ద బరువు. సిస్‌లైనక్స్ బూట్‌లోడర్ రాసిన హెచ్. పీటర్ ఆన్విన్ ఈ బూట్ ముహూర్తం కోసమే ఒక చిన్న సీ లైబ్రరీ మొదలుపెట్టాడు. దాని పేరు కేలిబ్‌సి. 64 బిట్ ఇంటెల్ మిషన్ మీద ఆ లైబ్రరీ మొత్తం వంద కిలోబైట్ల లోపే.

వేగం కోసం కాదు, చిన్నగా ఉండడం కోసం రాశామని దాని తయారీదారులే చెప్పుకున్నారు. మ్యాథ్ డాట్ హెచ్ లేదు, లొకేల్ లేదు, థ్రెడ్‌లు లేవు. బూట్ అయ్యే నాలుగైదు సెకన్లలో త్రికోణమితి సైన్ విలువ ఎవరికీ అక్కర్లేదు. తారీఖును ఏ దేశపు పద్ధతిలో రాయాలన్న ప్రశ్న రాదు. ప్రోగ్రాములన్నీ ఒకే లైబ్రరీని పంచుకునే దాని షేర్డ్ లైబ్రరీ పద్ధతి నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది. మామూలుగా ప్రోగ్రాము నడిచేటప్పుడు ఒక డైనమిక్ లింకర్ వచ్చి, ఏ ఫంక్షన్ ఎక్కడుందో వెతికి జతచేస్తుంది. ఇక్కడ ఆ వెతుకులాటే లేదు. లైబ్రరీ మెమరీలో ఎక్కడ కూర్చోవాలో ముందే ఖాయం, ఏ ఫంక్షన్ ఏ అడ్రసులో ఉందో ప్రోగ్రాము కట్టేటప్పుడే ఖాయం. మరి లైబ్రరీ మారితే? అందుకే లైబ్రరీ ఫైలు పేరులోనే ఒక పొడవైన హాష్, వేలిముద్ర లాంటి గుర్తు, ఉంటుంది. ఆ లైబ్రరీతో కట్టిన ప్రోగ్రాము సరిగ్గా ఆ పేరునే అడుగుతుంది. పేరు కలిస్తే నడుస్తుంది, కలవకపోతే మొదలే కాదు.

ఇక నా వాదన. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో సీ నేర్పే పద్ధతి తప్పు, ఆ తప్పును దిద్దడానికి ఈ చిన్న లైబ్రరీ కంటే మంచి పుస్తకం లేదు.

నేను సీ నేర్చుకున్నది టర్బో సీ నీలం తెర మీద. మా ఊళ్ల పిల్లలు నిన్నమొన్నటి దాకా దాని మీదే నేర్చుకున్నారు. డాస్ పోయి ఎన్నో ఏళ్లయినా డాస్‌బాక్స్‌లో పెట్టి మరీ నేర్పారు. మొదటి లైను స్టడ్‌ఐఓ, రెండో లైను కోనియో, మెయిన్‌లో క్లియర్‌స్క్రీన్, చివర గెట్‌సీహెచ్. కోనియో సీ ప్రమాణంలో లేనే లేదని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. "ప్రింట్‌ఎఫ్ ఎక్కడుంటది?" అని అడిగితే తరగతి మొత్తం "స్టడ్‌ఐఓ డాట్ హెచ్‌ల సార్" అంటుంది. అందులో ప్రింట్‌ఎఫ్ పేరూ, అది ఏం తీసుకుంటుందో ఒక వాక్యమూ ఉంటాయి, అంతే. అసలు ఫంక్షన్ ఉండేది సీ లైబ్రరీలో. గేటు మీద రాసిన పేరును మనిషి అనుకుంటున్నాం. నాలుగేళ్లు చదివి, మొదటి వారంలో వాడిన మాట ఎక్కడ పుట్టిందో తెలియకుండా పిల్లలు బయటికి పోతున్నారంటే నాకు బాధ కలుగుతుంది. వాళ్లకు తెలివి లేక కాదు, చూపించినవాళ్లు లేక.

ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత రెండు శనివారాలు నేను సిలబస్ పక్కన పెట్టాను. ఆసక్తి ఉన్నవాళ్లను రమ్మంటే తొమ్మిది మంది వచ్చారు. పని ఒకటే: లైబ్రరీ ఏదీ లేకుండా, కెర్నల్ విడిచిపెట్టగానే నడిచే మన ఇనిట్ మనమే రాయాలి. తెర మీద "వరంగల్" అని రావాలి.

మొదటి గంటలోనే మెయిన్ మీద ఉన్న నమ్మకం పోయింది. ప్రోగ్రాము మెయిన్‌తో మొదలు కాదు. కెర్నల్ దూకేది స్టార్ట్ అనే గుర్తుకు. అప్పుడు స్టాక్ (ప్రోగ్రాము ఒకదాని మీద ఒకటి పేర్చుకునే మెమరీ) పైన ఆర్గ్యుమెంట్ల సంఖ్య, తర్వాత ఆర్గ్యుమెంట్ల అడ్రసులు, తర్వాత ఎన్విరాన్‌మెంట్ ఉంటాయి. స్టార్ట్‌ను పిలిచినవాళ్లెవరూ లేరు కాబట్టి తిరిగి పోవడానికి చోటు లేదు. నర్సంపేట కుర్రాడు ఒకడు అలవాటు కొద్దీ చివర రిటర్న్ పెట్టాడు. ఉట్టి ప్రోగ్రాముగా నడిపి చూస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే తనది కాని మెమరీని ముట్టుకున్న తప్పు. ఎందుకో డీబగ్గర్‌లో చూశాం. తిరిగి పోవాల్సిన అడ్రసు అనుకొని స్టాక్ మీదున్న ఆర్గ్యుమెంట్ల సంఖ్యను తీసుకొంది. ఆ సంఖ్య 1. మిషన్ ఒకటో నంబరు అడ్రసుకు పోయి పడింది. వాడు ఆ రోజు నుంచి స్టాక్‌ను మర్చిపోలేదు.

తర్వాత రాత. ప్రోగ్రాము కెర్నల్‌ను పని అడిగే పద్ధతి సిస్టమ్ కాల్. 64 బిట్ ఇంటెల్ మిషన్‌లో రైట్ అనే సిస్టమ్ కాల్ నంబరు 1, ఎగ్జిట్ నంబరు 60. ఏ ఫైలు, ఏ అడ్రసు నుంచి, ఎన్ని బైట్లు అన్నది రిజిస్టర్లలో పెట్టి సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ కొట్టాలి. వరంగల్‌లో ఎన్ని అక్షరాలని లెక్కపెట్టుకొని, పొల్లునూ సున్ననూ కలిపి ఆరు అని రాశారు. వర్చువల్ మిషన్‌లో కెర్నల్‌ను లేపితే, సీరియల్ కన్సోల్ మీద "వర" అని వచ్చి ఆగింది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. వ, ర, సున్న, గ, ల, పొల్లు కలిసి 18. ఆరు బైట్లకు రెండు అక్షరాలే వచ్చాయి. స్ట్రింగ్ పొడవంటే అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క అని ఇంగ్లిష్ పేరుతో చేసి ఉంటే ఎవరికీ తట్టేది కాదు. మన ఊరి పేరు రాసుకున్నాం కాబట్టి బయటపడింది. సిస్టమ్స్ పాఠాలు తెలుగు ఉదాహరణలతో చెప్పాలని నేను అనేది భాషాభిమానం ఒక్కటే కారణంగా కాదు. ఇంగ్లిష్ ఉదాహరణ దాచిపెట్టేదాన్ని తెలుగు ఉదాహరణ పైకి లాగుతుంది.

18 అని దిద్దాక ఊరి పేరు పూర్తిగా వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతుండగానే కింద కెర్నల్ పానిక్, కెర్నల్ చేతులెత్తేసింది. ఇనిట్‌ను చంపబోయారని ఆరోపణ, పక్కన ఎగ్జిట్ కోడ్ సున్న. "సున్న అంటే అంతా మంచిగైనట్టు గదా సార్?" అన్నారు. నిజమే, ప్రోగ్రాము తన పని సరిగ్గానే ముగించింది. కానీ ఒకటో నంబరు ప్రాసెస్‌కు ముగిసే హక్కు లేదు. సిస్టమ్ నడిచినంత కాలం అది ఉండాలి, లేకపోతే తన స్థానంలో ఇంకో ప్రోగ్రామును కూర్చోబెట్టి పోవాలి.

ఇంత అయ్యాక కేలిబ్‌సి తెరిచాం. అప్పుడు తెరవాలి, ముందు కాదు. చేతులు కాలినవాళ్లకు ప్రతి ఫైలూ తెలిసిన మొహంలా కనబడింది. మేము తడబడ్డ స్టార్ట్, ప్రాసెసర్ రకానికొక చిన్న అసెంబ్లీ ఫైలుగా ఉంది. సిస్టమ్ కాల్స్ అన్నీ ఒక జాబితాగా రాసి ఉన్నాయి, దాన్ని చదివి ఒక్కొక్కదానికీ చిన్న తొడుగును ఒక పెర్ల్ స్క్రిప్ట్ తయారు చేస్తుంది. కెర్నల్ మైనస్ 1 నుంచి మైనస్ 4095 మధ్య ఏదైనా తిరిగి ఇస్తే అది తప్పు అని అర్థం. ఆ సంఖ్య గుర్తు మార్చి, తప్పు నంబరు ఉంచే ఎర్నో అనే చోట పెట్టి మైనస్ 1 చేతికివ్వడం లైబ్రరీ పని. ఎర్నో అంటే ఏందో ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పాను. ఆ కొద్ది లైన్లు చెప్పినంత బాగా చెప్పలేకపోయాను.

అడిగినంత మెమరీ ఇచ్చే మాలాక్ దగ్గర చాలాసేపు ఆగాం. ఖాళీ ముక్కలన్నీ మన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లాగా ఒకదాని నుంచి ఇంకోదానికి దారితో ఉంటాయి. తేడా ఏమిటంటే ఈ గొలుసు చుట్టు తిరిగి మొదటికే వస్తుంది. అడిగిన సైజు సరిపోయే మొదటి ముక్క దొరగ్గానే ఇచ్చేస్తుంది. విడిచిపెట్టినప్పుడు పక్క ముక్క కూడా ఖాళీగా ఉంటే రెండూ కలిపేస్తుంది. డేటా స్ట్రక్చర్స్ పేపర్‌లో లింక్డ్ లిస్ట్ రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలు, దాన్ని ఎవరైనా నిజంగా వాడతారని అప్పుడు చూశారు. ఇక ప్రింట్‌ఎఫ్. ఆ కుటుంబమంతా ఒక్క ఫంక్షన్ మీద ఆధారపడి ఉంది. శాతం గుర్తు కనబడితే ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారుతూ, అక్షరం వెంట అక్షరం బఫర్‌లో పేర్చుకుంటూ పోతుంది. అది చదవడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైన ఫైలు రన్-ఇనిట్. తాత్కాలిక ఇల్లు విప్పి, అసలు ఇంట్లోకి పోయే ప్రోగ్రాము అది. దాని పని ఎంత భయంకరమైందో ఆలోచించండి. రూట్ ఫైల్ సిస్టమ్‌లో ఉన్నవన్నీ చెరిపేయాలి. మెమరీలో పరిచిన ఆ మొదటి ఫైల్ సిస్టమ్‌ను ఊడదీయడానికి కెర్నల్ ఒప్పుకోదు, ఖాళీ చేస్తేనే ఆ మెమరీ తిరిగి వస్తుంది. నడిపే చోటు తప్పితే అది మీ డిస్కు మొత్తం తుడిచేస్తుంది. అందుకని చెరిపే ముందు పరీక్షలు పెట్టుకుంటుంది. కొత్త ఇల్లు, పాత ఇల్లు వేర్వేరు ఫైల్ సిస్టమ్‌లేనా? పాత ఇంట్లో ఇనిట్ అనే ఫైలు ఉందా? పాతది నిజంగా మెమరీలో ఉండే రామ్‌ఎఫ్ఎస్ లేదా టీఎంపీఎఫ్ఎస్ రకమేనా? ఒక్కటి తప్పినా చెయ్యి వేయదు. చెరిపేటప్పుడు కూడా ఇంకో ఫైల్ సిస్టమ్‌లోకి అడుగు పెట్టదు. అన్నిటికంటే ముందు, తాను కొత్త ఇంట్లోకి అడుగు పెట్టి నిలబడుతుంది. తర్వాత పాతదంతా చెరుపుతుంది. తర్వాత కొత్తదాన్ని రూట్ స్థానంలోకి జరిపి, దాన్నే తన రూట్‌గా మార్చుకొని, కన్సోల్ తెరిచి, అసలు ఇనిట్‌కు తన ప్రాసెస్‌ను అప్పగించి మాయమవుతుంది.

ఈ వరుస చదువుతుంటే బాపు గుర్తొచ్చాడు. పదో తరగతి సెలవుల్లో ఆయన వెంట పనికి పోయినప్పుడు నేను సజ్జ కింద కర్ర గోడ వైపు నుంచి గుంజబోయాను. ఆయన అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. "బిడ్డా, శ్లాబ్‌కు నడుమ నుంచి ఇప్పాలె, సజ్జకు చివరి నుంచి ఇప్పాలె. తిరగేసినవంటే మీద పడ్తది." సజ్జ ఒక పక్కే గోడను పట్టుకొని ఉంటుంది. గోడ దగ్గర కర్ర ముందు తీసి చివర కర్ర ఉంచితే, బరువు అది మోయలేని చోట పడుతుంది. విప్పే వరుస కట్టే వరుస కంటే కష్టమని నాకు ఆయన దగ్గర తెలిసింది, రన్-ఇనిట్‌లో మళ్లీ కనబడింది.

దీనికి ఎదురు వాదన గట్టిదే ఉంది, దాన్ని దాటవేయను. ఇప్పుడు ఉబుంటు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మూట పదుల మెగాబైట్లు ఉంటుంది. పరికరాలను గుర్తుపట్టే యూడెవ్ అందులో ఉంటుంది, అది జీలిబ్‌సి మీద నడుస్తుంది, కాబట్టి జీలిబ్‌సి కూడా మూటలోకి వస్తుంది. ఆ రోజు నేను ల్యాబ్‌లో నడిపిన ఎఫ్ఎస్‌సీకే కూడా జీలిబ్‌సి మీదే నడిచింది. పెద్దది ఎలాగూ ఇంట్లో ఉన్నప్పుడు చిన్నదాని వల్ల మిగిలేదేమిటి? ఇంకో లైనక్స్ అయిన ఫెడోరాలో ఈ మూట కట్టే డ్రాకట్ మామూలు ప్రోగ్రాములనే మూట కడుతుంది, హాయిగా నడుస్తుంది. 2006లో కేలిబ్‌సిని కెర్నల్ మూలంలోనే (సోర్స్ కోడ్‌లోనే) కలిపి, రూట్‌ను వెతికే పనంతా కెర్నల్ నుంచి బయటికి తేవాలని ఆన్విన్ ప్రయత్నించాడు. కెర్నల్ పెద్దల్లో ఒకరైన ఆండ్రూ మార్టన్ ప్రయోగ శాఖ దాకా వెళ్లింది, అసలు కెర్నల్‌లోకి రాలేదు.

కాబట్టి స్థలం ఆదా అన్న వాదన నేను చేయను. సర్వర్లు నడిపేవాళ్లు ఏది వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. నేను అడిగేది చదవడానికి. జీలిబ్‌సిలో మాలాక్ చదవాలంటే థ్రెడ్‌ల గురించి, లాకుల గురించి, ఎన్నో ఏళ్ల అనుకూలతల గురించి ముందు తెలియాలి. రెండో ఏడాది పిల్లాడు అందులో దిగితే మేడారం జాతరలో తప్పిపోయినట్టే. కేలిబ్‌సిని ఒక మనిషి ఒక సెమిస్టర్‌లో మొదటి నుంచి చివరి దాకా చదివి, దీనిలో నాకు తెలియని ఫైలు లేదని చెప్పగలడు. మన పిల్లలకు ఆ మాట చెప్పే అవకాశం ఎప్పుడు దొరుకుతోంది? ఫ్రేమ్‌వర్కుల మీద ఫ్రేమ్‌వర్కులు, అమీర్‌పేటలో మూడు నెలలకు మారిపోయే కోర్సులు. ఏదీ అడుగు దాకా తెలియదు. అడుగు తెలిసిన వస్తువు ఒక్కటైనా చేతిలో ఉన్న మనిషి మిగతావాటికి భయపడడు. దీన్ని నేను ఆ తొమ్మిది మందిలో చూశాను.

మజిల్ అనే ఇంకో సీ లైబ్రరీ ఇంకా శుభ్రంగా ఉంటుంది కదా అని కొందరు మిత్రులంటారు. ఉంటుంది. ఉత్పత్తికి వాడాలంటే నేనూ మజిల్ వైపే. అయితే అది పూర్తి లైబ్రరీ, లోపల డైనమిక్ లింకర్ ఉంది, థ్రెడ్‌లున్నాయి. రెండో పుస్తకంగా చదవాలి. కెర్నల్ మూలంలోనే ఉండే నోలిబ్‌సి, విల్లీ టారో మొదలుపెట్టినది, మరీ చిన్నది, హెడర్ ఫైళ్లే. పరీక్షలకు బాగుంటుంది. కానీ ఇన్‌లైన్ అసెంబ్లీతో మొదలవుతుంది కాబట్టి మొదటిసారి చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

సిలబస్‌లో చోటు లేదంటారు. సీ ల్యాబ్‌లో పాలిండ్రోమ్, ఫిబొనాచి, ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య, నక్షత్రాల పిరమిడ్ అంటూ వారాలు గడుస్తాయి. ఆ పిరమిడ్ల వారాలు నాలుగు నాకివ్వండి. ఒకటి స్టార్ట్‌కు, ఒకటి సిస్టమ్ కాల్స్‌కు, రెండు మాలాక్‌కు, ప్రింట్‌ఎఫ్‌కు. ఖర్చు ఏమీ లేదు. మూలం ఉచితం, వర్చువల్ మిషన్ ఉచితం, పాత ల్యాబ్ సిస్టమ్‌లు చాలు.

రెండో శనివారం చివర, తొమ్మిది సిస్టమ్‌ల మీదా వరంగల్ అని వచ్చి పానిక్ కాకుండా నిలబడ్డాయి. అందరూ బస్సులకు సర్దుకుంటున్నారు. భూపాలపల్లి అమ్మాయి లేవలేదు. "సార్, మన ఇనిట్‌ను నడిపేది కెర్నల్ అన్నరు. ఏ పేరు వెతకాల్నో కెర్నల్‌కు ఎవరు చెప్పిన్రు?" అంది. కెర్నల్ మూలంలో మెయిన్ డాట్ సీ తెరిచి చూపించాను. మూటలో ఇనిట్ ఉంటే అది. లేకపోతే ఎస్‌బిన్‌లో ఇనిట్, ఈటీసీలో ఇనిట్, బిన్‌లో ఇనిట్, అదీ లేకపోతే బిన్‌లో షెల్. ఒకదాని కింద ఒకటి, మామూలు సీలో రాసి ఉన్నాయి. ఆమె ఆ లైన్లు నోట్‌బుక్‌లో రాసుకొంది. ఆ ఫైల్లోనే పైకి జరుపుతూ, ఈ ఫంక్షన్‌ను ఎవరు పిలుస్తున్నారో వెతకడం మొదలుపెట్టింది. భూపాలపల్లి ఆఖరి బస్సుకు ఇంకా గంట టైముంది. నేను ల్యాబ్ తాళం చేతిలో పట్టుకొని పక్క కుర్చీలో కూర్చున్నాను.